కార్న్ స్నేక్ తర్వాత రెండో పాము ఏది? ర్యాట్ స్నేక్‌ల స్వభావం, తిండి, గుడ్లు: నేను చూసినవి

మీరు అడిగింది ఇదీ. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. రెండేళ్లుగా ఇంట్లో ఒక ఆడ కార్న్ స్నేక్ ఉంది, పన్నెండేళ్ల మీ పాపే దాన్ని చూసుకుంటోంది. అది కూడా ర్యాట్ స్నేక్‌లలో, అంటే ఎలుకలు తినే, విషం లేని పాముల్లో ఒకటే. ఇప్పుడు ఇంకో ర్యాట్ స్నేక్ తెద్దామనుకుంటున్నారు. టెక్సస్ ర్యాట్ స్నేక్, రష్యన్, తైవాన్ బ్యూటీ, మాండరిన్, ఈ నాలుగింటిలో ఏది నెమ్మదైనది, ఏది ఏడిపించకుండా తింటుంది, ఏది తేలిగ్గా గుడ్లు పెడుతుంది అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు రాసిన నాలుగింటిలో లేని బెయిర్డ్స్ ర్యాట్ స్నేక్ తీసుకోండి. ఆ నాలుగింటిలోంచే కావాలంటే రష్యన్. మాండరిన్ మాత్రం ఇప్పుడు వద్దు. ఎందుకంటే మీరు మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగారు కానీ, ఇంట్లో పెంచేటప్పుడు ఆ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పెద్దయ్యాక చేతిలో పూలదండలా పడుండే పాము, గుడ్డులోంచి వచ్చిన కొత్తలో రెండు నెలలు ఏమీ ముట్టకుండా ఉండొచ్చు. గుడ్లు బోలెడు పెట్టే పాము పిల్లలకు ఇళ్లు దొరక్కపోవచ్చు. అందుకే నేను ఏ జాతిని చూసినా ముందు ఒక్కటే అడుగుతాను: దీని పిల్ల మొదటి తిండి ఎలా తింటుంది, ఏ వేడిలో తింటుంది? మిగతావన్నీ దాని తర్వాతే.

నేను టెక్సస్‌లో పద్నాలుగేళ్లుగా ర్యాట్ స్నేక్‌లు పెంచుతున్నాను. అంతకు ముందు నాకు తెలిసిన ర్యాట్ స్నేక్ మన జెర్రిపోతు ఒక్కటే. కృష్ణా జిల్లాలో మా తాతగారి వరిచేల గట్ల మీద అది కనిపిస్తే ఆయన కర్ర తీసేవారు కాదు. "అది ఉంటే గాదెలో ఎలుకలుండవు" అనేవారు. ఊళ్లో మిగతావాళ్లు మాత్రం జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందని, ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందని చెప్పుకునేవారు. రెండూ నిజం కావు. పొలంలో రెండు పాములు మెలికలు తిరిగి పైకి లేస్తూ కనిపిస్తే అది చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఒకదాన్ని ఒకటి కిందికి అదిమేయాలని చూస్తాయి, ఓడింది వెళ్లిపోతుంది. ఇక పాలు తాగే కథ అమెరికాలోనూ ఉంది. ఇక్కడి మిల్క్ స్నేక్‌కి ఆ పేరు వచ్చింది పశువుల కొట్టంలో తిరిగేదాన్ని చూసి పుట్టిన అలాంటి కథ వల్లే.

జెర్రిపోతు సంగతి ఎత్తాను కాబట్టి, ఇండియా నుంచి చదివేవాళ్లకు ఒక మాట. మన జెర్రిపోతు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పాము. పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అది పెంపకానికి తగింది కూడా కాదు. ఆరేడు అడుగులు పెరిగి, పగలంతా పరుగెత్తే పాము. పెట్టెలో పెడితే ముక్కు రక్తం వచ్చేదాకా అద్దానికి రాసుకుంటుంది. హైదరాబాద్‌లో ఇంట్లోకి వస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లనో అటవీ శాఖనో పిలవండి. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా చట్టం చూసుకోవాలి. జార్జియా రాష్ట్రంలో స్థానిక విషరహిత పాముల్ని పెంచకూడదు, కార్న్ స్నేక్ అందులోకే వస్తుంది. అట్లాంటాలో ఉన్న స్నేహితుడికి ఒకసారి పిల్లను ఇవ్వబోయి చివరి నిమిషంలో ఆగాను. హవాయిలో ఏ పామూ పెంచకూడదు. ఆస్ట్రేలియాలో కార్న్ స్నేక్ పెంచడం చట్టవిరుద్ధం.

ఇప్పుడు స్వభావం. పాముకు కోపం ఉండదు, భయం ఉంటుంది. పిల్ల ర్యాట్ స్నేక్ తోక ఆడించి, మెడను ఎస్ ఆకారంలో వంచి మీద పడిందంటే, పైనుంచి వస్తున్న మీ చెయ్యి దానికి గద్దలా కనిపించిందని అర్థం. అందుకే చెయ్యి ఎప్పుడూ పక్కనుంచి, కింది నుంచి పెట్టాలి. తలను పట్టుకోకూడదు. ఒంటి మధ్యభాగం కింద అరచేయి పెట్టి దాన్నే నడవనివ్వాలి. వారానికి రెండు మూడు సార్లు పది నిమిషాలు చాలు. తిన్న తర్వాత 48 గంటలు ముట్టుకోవద్దు. కళ్లు పాలరంగులోకి మారి కుబుసం విడిచే ముందు కూడా ముట్టుకోవద్దు, ఆ రోజుల్లో దానికి చూపు సరిగా ఉండదు కాబట్టి మామూలుగా సాధువైన పాము కూడా ఉలిక్కిపడుతుంది.

కార్న్ స్నేక్ గురించి మీకు తెలుసు. మూడు నుంచి ఐదు అడుగులు, బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. పొట్ట మీద నలుపు తెలుపు గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందంటారు, మొక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరగడం వల్ల అని కూడా అంటారు. తరతరాలుగా మనుషుల దగ్గర పుట్టి పెరిగిన పాము అది, దానితో మిగతావాటిని పోల్చి చూస్తే నిరాశ తప్పదు. టెక్సస్ ర్యాట్ స్నేక్ దానికి దగ్గరి చుట్టమే అయినా గుణంలో చాలా తేడా. ఇది మీ పెరట్లోనే తిరుగుతూ ఉంటుంది. కోళ్ల గూళ్లలో గుడ్లు మింగుతుంది కాబట్టి ఇక్కడి రైతులు చికెన్ స్నేక్ అంటారు. పిల్లగా ఉన్నప్పుడు బూడిదరంగు మీద మచ్చలుంటాయి, అవి చూసి కాపర్‌హెడ్ అనే విషపాము అనుకుని చంపేసేవాళ్లు చాలామంది. ఈ జాతిలో కరిచే గుణం ఎక్కువ. పట్టుకోగానే వెనక నుంచి గబ్బు వాసన ద్రవం వదులుతుంది. నా దగ్గర ఉన్న రెండింటిలో ఒకటి మూడో ఏడుకి నెమ్మదించింది, రెండోది పదకొండేళ్లయినా ప్రతి శుభ్రం చేసే రోజూ నన్ను కరవాలనే చూస్తుంది. మీ పాప కోసం అంటున్నారు కాబట్టి ఇది వద్దు. తెల్లగా, నీలిబూడిద కళ్లతో ఉండే ల్యూసిస్టిక్ రకం చూస్తే పిల్లలు మనసు పారేసుకుంటారు. కొన్ని వంశాల్లో దానికి కళ్లు ఉబ్బి బయటికి వస్తాయి, కొనే ముందు తల్లిదండ్రుల్ని చూడండి.

బెయిర్డ్స్ కూడా టెక్సస్ పామే, కానీ పశ్చిమాన డేవిస్ కొండలు, బిగ్ బెండ్ వైపు రాళ్ల నేలల్లో, సరిహద్దు దాటి మెక్సికో ఈశాన్యంలో ఉంటుంది. అమెరికాలో మ్యూజియంలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థకు రెండో కార్యదర్శిగా ఉన్న స్పెన్సర్ బెయిర్డ్ పేరు పెట్టారు. పిల్లగా ఉన్నప్పుడు బూడిదరంగు, అడ్డపట్టీలు, చూడ్డానికి ఏమీ ఉండదు. అందుకే సంతల్లో జనం దాటి వెళ్లిపోతారు. రెండు మూడేళ్లకు ఆ పట్టీలు మాసిపోయి, ఒంటి పొడవునా నాలుగు సన్నని చారలు వచ్చి, పొలుసుల మధ్య నారింజ, రాగి రంగు మెరుస్తుంది. నాలుగైదు అడుగులు. నా దగ్గర ఇప్పటిదాకా పెరిగిన బెయిర్డ్స్‌లో ఒక్కటీ నన్ను కరవలేదు. మెల్లగా కదులుతుంది, ఆగి చుట్టూ చూస్తుంది, భుజం మీదకు ఎక్కి అక్కడే ఉంటుంది. మీ పాప రంగు మారడాన్ని ప్రతి కుబుసానికీ ఒక ఫోటో తీసి దాచుకోవచ్చు. అది ఎంత ఆనందమో నేను మాటల్లో చెప్పలేను.

రష్యన్, దాన్నే ఆమూర్ ర్యాట్ స్నేక్ అంటారు, నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలు. ఆమూర్ నది ప్రాంతం, ఈశాన్య చైనా, కొరియా దాని ఊళ్లు. చలికి తట్టుకునే పాము. ఎంత గట్టిదంటే, పెంపకం నుంచి బయటపడిన పాములు నెదర్లాండ్స్‌లో ఎల్డె అనే ఊరి చుట్టూ స్థిరపడిపోయాయి. ఐదారు అడుగులు, బరువైనది, చేతిలో నెమ్మది. తిండి దగ్గర మాత్రం ఆత్రం ఎక్కువ, ఎలుక వాసన తగిలిందంటే కదిలేదల్లా తిండే అనుకుంటుంది. కాబట్టి ఎలుక పట్టుకున్న చేత్తో దాన్ని ముట్టుకోకూడదు.

తైవాన్ బ్యూటీ చూసి మోజు పడని వాళ్లుండరు. ఆలివ్ రంగు తల, కళ్ల వెనక నల్లగీత, వెన్ను మీద మొదట నిచ్చెనలాంటి గుర్తులు, తోక వైపు పొడవాటి గీతలు. ఆరు నుంచి ఎనిమిది అడుగులు. ఈ జాతి విస్తృతంగా ఉంది, మన దేశంలో డార్జిలింగ్, అస్సాం వైపు కూడా కనిపిస్తుంది. మలేషియా గుహల్లో ఉండే ఒక ఉపజాతి చీకట్లో గబ్బిలాల్ని పట్టి తింటుంది. ఇంత చురుకైన పాము మీద ఆశపడే ముందు మీ ఇంట్లో దానికి ఆరడుగుల పొడవు, ఎక్కడానికి ఎత్తు ఉన్న ఎన్‌క్లోజర్ (పామును ఉంచే పెట్టె) పెట్టగలరా అని చూసుకోండి. తైవాన్ రకం మనుషుల దగ్గర పుట్టిందైతే ఒక మోస్తరుగా అలవాటు పడుతుంది. వియత్నాం నుంచి వచ్చే బ్లూ బ్యూటీ అలా కాదు, నోరు తెరిచి, మెడను నిలువుగా ఉబ్బించి ఎగిరి పడుతుంది. నా తైవాన్ బ్యూటీ ఒకసారి తలుపు గొళ్లెం వదులైతే తప్పించుకుని, నాలుగు రోజుల తర్వాత అటక మీద దొరికింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఒకినావా దీవిలో తప్పించుకున్న ఈ పాములు అక్కడే పెరిగి, అక్కడి స్థానిక జీవులకు ముప్పయ్యాయి. గొళ్లెం, తాళం మీద నాకు అంత పట్టుదల ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మాండరిన్ పసుపు, నలుపు పతకాలు కుట్టినట్టుంటుంది. నేను చూసిన అతి అందమైన పాముల్లో ఒకటి. చైనా, వియత్నాం కొండల్లో నేల కింద, రాళ్ల సందుల్లో ఉంటుంది. మనకు హాయిగా ఉండే 26, 27 డిగ్రీల వేడి దానికి బాధ. 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ కావాలి. టెక్సస్ ఎండాకాలంలో ఏసీ ఒక్కరోజు చెడిపోతే దానికి ప్రాణం మీదికొస్తుంది. నేను మొదట కొన్నది అడవి నుంచి పట్టి తెచ్చినదని తెలియక కొన్నాను. అమ్మినతను ఇంట్లో పుట్టిందనే చెప్పాడు. కడుపు నిండా పురుగులు. వెటర్నరీ డాక్టరు మందు ఇచ్చినా ఆరు వారాల్లో పోయింది. అది చనిపోయిన రోజు ఇంకా గుర్తుంది. అప్పటినుంచి కొత్తగా వచ్చే ప్రతి పామునూ మూడు నెలలు వేరే గదిలో ఉంచి, మలం పరీక్ష చేయించాకే మిగతావాటి దగ్గరికి తెస్తున్నాను. మీరూ అలాగే చేయండి. మీ కార్న్ స్నేక్ ఆరోగ్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకో రెండింటి పేర్లు చెప్పాలి. ట్రాన్స్-పేకస్ ర్యాట్ స్నేక్ చివావా ఎడారి పాము. పెద్ద పెద్ద కళ్లు, వెన్ను మీద ఇంగ్లిష్ హెచ్ అక్షరాల వరస, రాత్రి తిరిగేది. చాలా ర్యాట్ స్నేక్‌లలో క్రోమోజోములు 36 ఉంటే దీనికి 40. ఒక రకం గోమారి దాదాపు ఈ పాము ఒంటి మీదే బతుకుతుంది. గుణంలో బెయిర్డ్స్ అంత సాధువు. తడి పడదు, నేల పొడిగా ఉండాలి. రెండోది వియత్నాం రైనో ర్యాట్ స్నేక్, ముక్కు మీద కొమ్ములాంటి పొలుసు. పిల్ల బూడిదరంగులో పుట్టి, ఏడాది దాటాక ఆకుపచ్చగా మారుతుంది. దీని తిండి కథ కింద చెబుతాను.

తిండి దగ్గరికి వద్దాం. మనవాళ్ల ఇళ్లలో అసలు కష్టం ఇక్కడే. చాలామంది "గుడ్డు పెడితే చాలదా, పాలు తాగదా" అని అడుగుతారు. చాలదు, తాగదు. ఈ పాములన్నిటికీ ఎలుకలే కావాలి, చిన్నదాన్నుంచి పెద్దదాకా. శాకాహార కుటుంబమైతే ఇది కొనే ముందే తేల్చుకోవాల్సిన విషయం. మా ఇంట్లో గ్యారేజీలో విడిగా చిన్న ఫ్రీజర్ ఉంది. దాన్లో గడ్డకట్టిన ఎలుకలు తప్ప ఇంకేమీ పెట్టం. వాటిని కరిగించే గిన్నె, పటకారు కూడా వేరు, వంటగదిలోకి రావు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో దించి, తినిపించే ముందు సంచిలోనే గోరువెచ్చని నీళ్లలో ఉంచుతాను. మైక్రోవేవ్‌లో పెట్టకండి, లోపల ఉడికిపోయి పగిలిపోతుంది. బతికున్న ఎలుకను ఎన్‌క్లోజర్‌లో వదలకండి, పాము తినకపోతే ఎలుకే దాన్ని కొరికి గాయపరుస్తుంది. పాపచేత ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, సాల్మొనెల్లా బాక్టీరియా భయం ఉంది.

ఎంత పెట్టాలి? ఎలుక లావు పాము ఒంటి లావైన చోటికి సరిసమానంగానో, అంతకు కొంచెం ఎక్కువగానో ఉంటే చాలు. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజులకోసారి పింకీ, అంటే వెంట్రుకలు రాని ఎలుక కూన. తర్వాత నూగు వచ్చిన కూన ఫజ్జీ, గెంతే వయసుది హాపర్, అలా పెద్ద ఎలుక దాకా. పెద్ద కార్న్ స్నేక్‌కి, బెయిర్డ్స్‌కి పది, పద్నాలుగు రోజులకు ఒకటి సరిపోతుంది. రష్యన్ అడిగినంతా పెడితే లావెక్కుతుంది. మెడ దగ్గర మడతలు పడ్డాయంటే ఎక్కువైందని లెక్క. మాండరిన్ వ్యవహారం పూర్తిగా వేరు. అది అడవిలో నేల కింది గూళ్లలో దూరి ఎలుక కూనల్ని తింటుంది కాబట్టి, పెద్దయ్యాక కూడా ఒక పెద్ద ఎలుక కన్నా రెండు మూడు చిన్నవి ఇష్టపడుతుంది. పెద్దది పెడితే భయపడి దాక్కుంటుంది. పెట్టిన ఎలుకను దాక్కునే పెట్టె మూతి దగ్గర వదిలి, దీపం ఆర్పి, పొద్దున చూడాలి.

తిన్నది కక్కేస్తే చాలామంది మర్నాడే మళ్లీ పెడతారు. అదే పెద్ద తప్పు. కక్కినప్పుడు కడుపులోని రసాలు, బాక్టీరియా పోతాయి, గొంతు పుండుపడుతుంది. పది, పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకుండా, నీళ్లు మాత్రం ఉంచి, తర్వాత సగం సైజు ఎలుకతో మొదలుపెట్టాలి. కారణం సాధారణంగా వేడి సరిగా లేకపోవడం, పెద్ద ఎలుక పెట్టడం, తిన్న వెంటనే చేతిలోకి తీసుకోవడం. కార్న్ స్నేక్‌కి వెచ్చని మూల 29 నుంచి 31 డిగ్రీలు, చల్లని మూల 22 నుంచి 24. బెయిర్డ్స్‌కి అవే సరిపోతాయి. రష్యన్, తైవాన్ బ్యూటీలకు వెచ్చని మూల 27 దాటనివ్వకండి, దాటితే తిండి మానేస్తాయి. పెట్టె కింద వేడి ఇచ్చే హీట్ మ్యాట్ ఏదైనా, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు. నా మొదటి సంవత్సరం అలాగే పెట్టి ఒక పాము పొట్ట కాల్చాను. నయమైంది కానీ ఆ మచ్చ పోలేదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన విషయం, పిల్లల మొదటి తిండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వారం, పది రోజుల్లో మొదటి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా దాని కడుపులో గుడ్డుసొన ఉంటుంది, తిండి అక్కర్లేదు. ఆ తర్వాత కార్న్ స్నేక్ పిల్లల్లో ఎక్కువభాగం పింకీని తింటాయి, కొన్ని తినవు. అడవిలో చాలా పిల్లలకు మొదటి తిండి బల్లులు, చిన్న కప్పలు. అందుకే మొండికేసిన పిల్లకు పింకీని సబ్బు లేకుండా కడిగి, ఆరబెట్టి, అనోల్ అనే బల్లి ఒంటికి రాసి పెడతాం. దానికీ లొంగకపోతే పింకీ తల మీద సూదితో గుచ్చి కొంచెం లోపలి పదార్థం బయటికి తెస్తాం. వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ అది పిల్ల ప్రాణం నిలబెడుతుంది. గాలి కన్నాలున్న చిన్న డబ్బాలో ఎండుటాకులతో పాటు పామునూ పింకీనీ పెట్టి రాత్రంతా వదిలేయడం నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిన పద్ధతి. ఇరుకులో దానికి ధైర్యం వస్తుంది.

జాతుల తేడా ఇక్కడ బాగా బయటపడుతుంది. తైవాన్ బ్యూటీ పిల్లలు పుట్టడమే పెద్దగా పుడతాయి, చాలావరకు వెంటనే తింటాయి. ట్రాన్స్-పేకస్ పిల్లలు కూడా పెద్దవే. బెయిర్డ్స్ పిల్లలు నా దగ్గర ఇబ్బంది పెట్టలేదు. మాండరిన్ పిల్లలు పుట్టిన కొత్తలో చాలా సున్నితం. ఇక రైనో పిల్లలు చాలావాటికి పింకీ అంటే తిండే కాదు. నీళ్లగిన్నెలో చిన్న చేపలు వేస్తే పట్టి తింటాయి. నెలల తరబడి చేపలు పెట్టి, తర్వాత పింకీకి చేప వాసన పట్టించి, ఆ వాసన మెల్లగా తగ్గిస్తూ అలవాటు చేయాలి. అలా మారేదాకా ఓపికపట్టి పిల్లను అమ్మే పెంపకందారులే నాకు గౌరవం. చేపల మీద ఉన్న పిల్లను మీకు అంటగట్టి ధర తగ్గించేవాళ్ల దగ్గర కొనకండి.

గుడ్ల విషయం. మీ ఆడ కార్న్ స్నేక్‌కి ఇంకా రెండేళ్లే. పెంచేవాళ్లు ఒక లెక్క చెబుతారు: మూడేళ్లు, మూడు అడుగులు, 300 గ్రాములు. మూడూ దాటాకే జత కలపాలి. చిన్నదానికి తొందరపడితే గుడ్డు లోపల ఇరుక్కుంటుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది, చాలాసార్లు ప్రాణం పోతుంది. ఇంకో సంగతి, మగపాము లేకుండానే ఆడ కార్న్ స్నేక్ ఒక్కోసారి గుడ్లు పెడుతుంది. పసుపుపచ్చగా, మెత్తగా ఉండే ఆ గుడ్లలో ఏమీ ఉండదు. పాప కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి.

శీతనిద్ర, పెంపకందారులు బ్రూమేషన్ అనేది, చాలా ర్యాట్ స్నేక్‌లకు గుడ్ల కాలాన్ని మొదలుపెట్టే గంట లాంటిది. నవంబరు చివర రెండు మూడు వారాలు తిండి ఆపుతాను, కడుపు ఖాళీ అవ్వాలి. తిండి లోపల ఉండగా చల్లబడితే అది కుళ్లి పాము చనిపోతుంది. తర్వాత మెల్లగా 10 నుంచి 13 డిగ్రీలకు దించి, చీకట్లో, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, అరవై నుంచి తొంభై రోజులు. రష్యన్‌కి ఇంకొంచెం చల్లగా కావాలి. తైవాన్ బ్యూటీకి అంత చలి అక్కర్లేదు, మామూలుగా కొన్ని డిగ్రీలు తగ్గించి పగటి వెలుతురు తగ్గిస్తే చాలు. ఫిబ్రవరి చివర మళ్లీ వెచ్చబరిచి, బాగా తినిపించి, మొదటి కుబుసం విడిచాక ఆడదాన్ని మగదాని దగ్గరికి పంపుతాను. బలహీనంగా ఉన్న పామును, ఆ ఏడాది జబ్బుపడ్డ పామును శీతనిద్రకు పంపొద్దు.

జతకట్టాక నెలా, నెలన్నరకు గుడ్లు వస్తాయి. అంతకు ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ రోజు నుంచి సుమారు పది రోజుల్లో గుడ్లు పెడుతుందని నేను లెక్క వేసుకుంటాను. తడి నాచు వేసిన మూత డబ్బాకు పక్కన కన్నం చేసి పెడితే అందులో పెడుతుంది. గుడ్లు అంటుకుని ముద్దలా ఉంటే విడదీయకండి. పైకి ఉన్న వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ వైపే పైకి ఉండేలా ఇంక్యుబేటర్‌లోకి మార్చండి. ఒకటి రెండు రోజులు దాటాక గుడ్డును తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. కోడిగుడ్లలా తిప్పాలని అనుకునేవాళ్లు మనలో చాలామంది, అందుకే చెబుతున్నాను. వర్మిక్యులైట్‌కి (తడిని పట్టి ఉంచే ఖనిజపు గుళికలు) సమానమైన తూకంలో నీళ్లు కలిపి, పిడికిట పిండితే నీటిచుక్క రాలనంత తడి ఉంచండి. 27, 28 డిగ్రీలు. కార్న్ స్నేక్ గుడ్లు సుమారు రెండు నెలలకు పగులుతాయి. ఒక జూలైలో గ్యారేజీలో ఇంక్యుబేటర్ పెట్టి, బయటి వేడి లోపలికి పోతుందని నేను గ్రహించలేదు. 34 డిగ్రీలు దాటింది. పిల్లలు వెన్నెముక వంకరలతో పుట్టాయి, కొన్ని గుడ్డులోనే చనిపోయాయి. పాముల ఆడామగా వేడిని బట్టి కాదు, జన్యువుల్ని బట్టే తేలుతుంది కాబట్టి, వేడి పెంచితే లాభం ఏమీ లేదు, నష్టమే.

జాతిని బట్టి గుడ్ల సంగతి ఇలా ఉంటుంది. కార్న్ స్నేక్ ఒక్కసారికి పన్నెండు, ఇరవై గుడ్లు పెట్టేస్తుంది, టెక్సస్ ర్యాట్ కూడా దాదాపు అంతే. బెయిర్డ్స్ తక్కువ, పది లోపే చూశాను, నాకు అది పెద్ద సుగుణం. రష్యన్ గుడ్లు పెట్టేసరికే లోపల పిండం కొంత పెరిగి ఉంటుంది, అందుకే నెలన్నరకు అటూ ఇటూగానే పిల్లలు వస్తాయి. మాండరిన్ నాలుగైదు గుడ్లు, వాటిని 25 డిగ్రీల దగ్గర పొదగాలి. ట్రాన్స్-పేకస్ అన్నిటికన్నా ఆలస్యం. జూన్, జూలైల్లో జతకట్టి, ఎండాకాలం చివర నాలుగైదు గుడ్లు పెడుతుంది. పొదగడానికి రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. నవంబరులో, డిసెంబరులో పిల్లలు వస్తాయి, సరిగ్గా మిగతా పాములన్నీ నిద్రపోయే కాలంలో మీరు పింకీలు కరిగిస్తూ కూర్చోవాలి.

రంగుల కోసం కార్న్ స్నేక్‌లు పెంచేవాళ్లు ఎక్కువ. నలుపు రంగు లేని అమెలనిస్టిక్ కార్న్ స్నేక్‌ను మనుషుల దగ్గర మొదట 1961లో పుట్టించారు, ఆ తర్వాత వందల రకాలొచ్చాయి. పాపకు ఇది మంచి లెక్కల పాఠం కూడా. అమెలనిస్టిక్, అనెరిత్రిస్టిక్ (ఎరుపు రంగు లేనిది) రెండు గుణాలూ బయటికి కనపడకుండా జన్యువుల్లో దాచుకున్న మామూలు రంగు జంటను కలిపితే, ప్రతి గుడ్డులోనూ తెల్లటి స్నో రకం వచ్చే అవకాశం పదహారులో ఒక వంతు. ఒక్కటి మాత్రం చేయొద్దు. కార్న్ స్నేక్‌నూ బెయిర్డ్స్‌నూ ఒకే పెట్టెలో ఉంచొద్దు. దగ్గరి జాతులు కాబట్టి జతకట్టి, పునరుత్పత్తి సామర్థ్యం ఉన్న సంకర పిల్లల్నే కంటాయి, తర్వాత వాటిని ఎవరో స్వచ్ఛమైన బెయిర్డ్స్ అని అమ్ముతారు. బెయిర్డ్స్ పెంచేవాళ్లు తక్కువ, ఆ వంశాలు కలుషితం అయితే మళ్లీ సరిచేయలేం. ఒకే జాతి అయినా విడిగానే ఉంచాలి. పాములకు తోడు అక్కర్లేదు. తిండి దగ్గర ఒకదాన్ని ఒకటి మింగేసిన సందర్భాలు ఉన్నాయి.

నా సలహా ఇలా పెట్టుకోండి. ఈ ఏడాది కార్న్ స్నేక్‌ని జత కలపకండి, దాని బరువు నెలకోసారి తూచి పాపచేత పుస్తకంలో రాయించండి. బెయిర్డ్స్ కోసం పుట్టించిన పెంపకందారుడి దగ్గరికే వెళ్లండి, సంతలో చేతులు మారిన దాన్ని కాదు. కనీసం ఐదుసార్లు గడ్డకట్టి కరిగించిన పింకీ తిన్నట్టు రాసి ఉందా చూడండి, వీలైతే మీ ముందే ఒకసారి తినిపించమని అడగండి. ఆ రోజు ఇంటికి తెచ్చాక ఏడు రోజులు దాన్ని ముట్టుకోవద్దు, తిండీ పెట్టొద్దు, నీళ్లు మార్చి వదిలేయండి. ఎనిమిదో రోజు, పాప స్కూలు నుంచి వచ్చాక, మొదటి పింకీ తనచేతే పెట్టించండి. తినకపోతే కంగారుపడకుండా ఇంకో ఐదు రోజులు ఆగి, దాని బరువు, గది వేడి, కుబుసం విడిచిన తేదీ రాసి నాకు పంపండి, చూసి చెబుతాను.